పెద్ద పండగ ఈసారి మా ఇంట్లోనే: రాయగడలో అద్దె ఇల్లు, రెండు వైపుల పెద్దవాళ్ళు, సలహాలు కావాలి

రాయగడ కొత్తకాపురం (డిసెంబర్ 26)

అందరికీ నమస్కారం. మేం ఒడిశాలో, రాయగడలో ఉంటున్నాం. నేను బ్యాంకులో చేస్తాను, మా ఆవిడ ఇక్కడే ఒక స్కూల్లో టీచరు. పోయిన సంక్రాంతి మా మొదటి పండగ కాబట్టి ఆనవాయితీ ప్రకారం అత్తారింటికి బొబ్బిలి వెళ్ళాం. ఈసారి ఇద్దరికీ లీవు దొరకలేదు. ఆంధ్రాలో లాగా మూడు రోజుల సెలవు ఇక్కడెక్కడిది, మకర సంక్రాంతి ఒక్క రోజే. "మేం రాలేం, మీరే రాకూడదా" అని రెండు వైపులా ఫోన్ చేశాం. ఒక్కరైనా కాస్త బతిమాలించుకుంటారనుకున్నాం. మొదటి మాటకే అందరూ సరేనన్నారు.

మా వైపు నుంచి అమ్మ, నాన్న, నానమ్మ, తమ్ముడు. పార్వతీపురం దగ్గర పల్లె. వాళ్ళ వైపు నుంచి అత్తయ్య, మామయ్య, వదిన, మా తోడల్లుడు, వాళ్ళ మూడేళ్ళ పాప. మాతో కలిపి పదకొండు మంది. ఇల్లు చూస్తే రెండు గదులు, ఒక హాలు, ఒకటే బాత్రూం.

ఓనర్లు కింద వాటాలో ఉంటారు. ఒడియా వాళ్ళు, మంచివాళ్ళు. ఒకటే షరతు, మేడ మీద మాంసం వండకూడదు. కనుమ నాడు ముక్క లేకపోతే మా నాన్న, తోడల్లుడు ఇద్దరూ అలిగేలా ఉన్నారు. పెద్దలకు బట్టలు పెట్టే సంగతి ఇంకా తేలలేదు. ఊళ్ళోనే పెట్టాలా, ఇక్కడ పెట్టొచ్చా? భోగి మంట ఎక్కడ వెయ్యాలి? అరిసెలు వండాలా, కొనాలా? పరుపులు, దుప్పట్ల గొడవ మేం చూసుకుంటాం. మిగతావి చెప్పండి.

గుణుపురం పెద్దకోడలు (డిసెంబర్ 26)

బాబూ, మిగతావన్నీ తర్వాత. ముందు పెద్దల బట్టల సంగతి మీ నాన్నగారితో ఫోన్లోనే తేల్చుకో. అందరూ వచ్చాక కూర్చుని మాట్లాడదాం అనుకోకు. వియ్యాలవారి ముందు ఆయన మనసులో మాట చెప్పలేరు. సరేలే అనేసి, పండగ మూడు రోజులూ ముభావంగా తిరుగుతారు.

మా ఇంట్లో సంక్రాంతి అంటే ముందు పెద్దలది, తర్వాతే మనది. కొత్త బట్టలకి పసుపు పెట్టి, పోయినవాళ్ళ ఫోటోల ముందు ఉంచి, కొత్త బియ్యం పరమాన్నం, గారెలు, గుమ్మడికాయ కూర నైవేద్యం పెడతాం. ఆ బట్టలు మనం కట్టుకోవడం ఆ తర్వాతే. మీ తాతగారు పోయారా? అయితే మీ నానమ్మగారి మాట కూడా అడగాలి. నిజానికి ముందు ఆవిడనే అడుగు.

జయపురం మాస్టారు (డిసెంబర్ 27)

తండ్రి ఉండగా కొడుకు విడిగా పెద్దలకు పెట్టే పని లేదు. ఆయన ఎక్కడుంటే అక్కడ పెడతారు, మీరు పక్కన నిలబడి దణ్ణం పెట్టుకుంటారు. అయితే పండగ నాడు ఊళ్ళో ఇల్లు తాళం వేసి ఉండటం చాలామందికి నచ్చదు. పోనీ ఊళ్ళో పెట్టుకుని మర్నాడు రమ్మందామా అంటే అది కనుమ. కనుమ నాడు కాకైనా కదలదంటారు. మీ నానమ్మగారు అస్సలు ఒప్పుకోరు.

ఇంకో సంగతి. మీకు వచ్చే ఒక్క రోజు సెలవు మన సంక్రాంతికే పడుతుందని అనుకోకండి. ఒడిశా పద్ధతిలో సంక్రమణం ఏ రోజు జరిగితే ఆ రోజే సంక్రాంతి. మన పంచాంగంలో పుణ్యకాలం లెక్క చూస్తారు కాబట్టి, సూర్యుడు బాగా పొద్దుపోయాక మకరంలోకి వెళ్తే పండగ మర్నాటికి జరుగుతుంది. అలాంటి ఏడు ఇక్కడి సెలవు మన భోగి నాడు వస్తుంది. రెండు కేలెండర్లూ పక్కపక్కన పెట్టుకుని చూసి, అప్పుడు లీవు రాయండి.

కిమిడి కుర్రోడు (డిసెంబర్ 27)

మాస్టారూ, కాకి కదలకపోవచ్చు, రాయగడ పాసింజరు కదులుతుంది కదా.

అన్నయ్యా, అరిసెలు కొనేయ్. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ తడిపిండి, పాకం, నూనె... ఎందుకా టెన్షన్? మా పర్లాకిమిడిలో కిలోల లెక్కన ఆర్డర్ తీసుకునేవాళ్ళు ఉన్నారు.

గుణుపురం పెద్దకోడలు (డిసెంబర్ 27)

కొన్న అరిసెలు మూడో రోజుకి గట్టిపడి గోడకి కొట్టినా విరగవు. పైగా వచ్చే ఇద్దరు వియ్యపురాళ్ళకీ చేతినిండా పని ఉండాలి. పనిలేక కూర్చుంటే ఒకరి కోడలి గురించి ఒకరు, ఒకరి అల్లుడి గురించి ఒకరు మొదలుపెడతారు. అరిసెలు వండించు. ఎలాగో చెబుతాను, మీ ఆవిడకి చూపించు.

బియ్యం ముందురోజు పొద్దున్న నానబోస్తే మర్నాడు పొద్దున్న దాకా నానాలి. మధ్యలో నీళ్ళు మార్చాలి, లేకపోతే వాసన వస్తుంది. వార్చి, గుడ్డ మీద కాసేపు ఆరనిచ్చి, చెమ్మ ఉండగానే మర పట్టించాలి. ఈ నెలలో ఒడియా వాళ్ళు కూడా పిఠాలకి (వాళ్ళ పిండివంటలకి) తడి బియ్యమే పట్టిస్తారు కాబట్టి మరవాడు సణగడు. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికి వరస పెరిగిపోతుంది. పిండి జల్లించి, చేత్తో అదిమి, పైన తడిగుడ్డ కప్పాలి. ఆరిపోయిన పిండితో అరిసెలు రావు.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. పాకం చుక్క నీళ్ళలో వేస్తే వేళ్ళతో మెత్తటి ఉండ కట్టాలి. మెత్తటి అరిసె కావాలంటే అక్కడే దించెయ్యాలి. ఉండని పళ్ళానికి కొడితే టంగుమనేదాకా ఉంచారంటే కరకరలాడతాయి, మీ నానమ్మగారి పళ్ళకి పనికిరావు. దించాక నెయ్యి, యాలకుల పొడి, నువ్వులు వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఒకరు ఆపకుండా కలపాలి. ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, ఇద్దరు వియ్యపురాళ్ళు కావాలన్నది అందుకే. జనవరి చలికి చలిమిడి త్వరగా బిగుస్తుంది. గిన్నెకి మూత పెట్టి, పొయ్యి పక్కనే ఉంచండి. బిగిస్తే కొద్దిగా పాలు చిలకరించి మర్దించండి, నీళ్ళు మాత్రం పొయ్యొద్దు.

అరిసెల చెక్కలు లేకపోతే నా దగ్గర రెండు జతలున్నాయి, బస్సులో పంపుతాను. గరిటెతో నొక్కితే నూనె పూర్తిగా దిగదు.

బరంపురం సిల్క్ (డిసెంబర్ 28)

చెక్కలతో నూనె పిండటం మన అలవాటు. మా పక్కింటి ఒడియా ఆవిడ అరిసా పిఠా కూడా ఇంచుమించు ఇదే పిండి, ఇదే పాకం. కాకపోతే చిన్నగా చేస్తారు, నువ్వులు పైన అద్దుతారు. మీ ఓనరుగారి ఇంట్లో కూడా ఈ వారంలోనే వండుతూ ఉంటారు. ఒకసారి కిందికి వెళ్ళి అడగండి. తడిపిండి కలిపి పట్టించుకుంటే మర ఖర్చు తగ్గుతుంది, పరిచయం పెరుగుతుంది.

భోగి మంట గురించి భయపడకండి. మా గంజాం వైపు మాఘ పౌర్ణమికి ఒడియా వాళ్ళు వీధిలో మంట వేస్తారు. కాబట్టి మంట అనగానే వింతగా చూడరు, "మీకు కాస్త ముందే వచ్చేసిందా" అంటారంతే. గేటు బయట, కరెంటు తీగలు లేని చోట చూసుకోండి. పాత టైర్లు మాత్రం వెయ్యొద్దు. మా వీధిలో కుర్రాళ్ళు వేసి వీధంతా నల్ల పొగ చేశారు, ఆ మర్నాటి నుంచి మంటే వద్దన్నారు. పిడకలు, ఎండు కొమ్మలు చాలు.

ఇంటావిడ (డిసెంబర్ 28)

నమస్కారం. పైన మొదటి పోస్ట్ రాసింది మా ఆయన. చదివాను. ఆయన రాయని సంగతులు కొన్ని ఉన్నాయి.

మా అమ్మ మా ఇంట్లో భోజనం చెయ్యనంటోంది. మనవడో మనవరాలో పుట్టేదాకా కూతురింట్లో తినకూడదని మా అమ్మమ్మ చెప్పిందట. మొదటిసారి వచ్చినప్పుడు తెచ్చుకున్న పులిహోర తిని, సాయంత్రం రైలెక్కేసింది. ఇప్పుడు నాలుగు రోజులు ఉండాలి. ఏం తింటుంది?

రెండోది వంటిల్లు. మా అత్తయ్య దప్పళంలో బెల్లం వేస్తుంది. మా అమ్మ వెయ్యదు. నవ్వుకోకండి, పోయినసారి పెళ్ళిలో ఈ విషయం మీద అరగంట చర్చ జరిగింది. నాకు ఇద్దరి మధ్యా నిలబడి తీర్పు చెప్పే ఓపిక లేదు.

మూడోది, ఆయన అసలు రాయనిది. "మేం చూసుకుంటాం" అన్న పరుపులు, దుప్పట్లు ఎవరు చూసుకుంటున్నారో ఆయన్నే అడగండి.

కిమిడి కుర్రోడు (డిసెంబర్ 28)

అన్నయ్యా, ఇంక నువ్వు మాట్లాడకు.

గుణుపురం పెద్దకోడలు (డిసెంబర్ 28)

అమ్మా, వంటిల్లు రోజుల లెక్కన పంచెయ్యి. భోగి మీ అమ్మగారిది, సంక్రాంతి మీ అత్తగారిది. ఆమె రోజున ఈమె కూరలు తరగాలి తప్ప ఉప్పు రుచి చూడకూడదు. ఈ మాట నువ్వు చెప్పకు, మీ ఆయన చేత చెప్పించు. అల్లుడు చెబితే అత్తగారు కాదనరు, కొడుకు చెబితే తల్లి కాదనదు.

తినే సంగతికి మా ఇళ్ళలో ఒక దారి ఉంది. మీ అమ్మగారిని ఇంటి నుంచి బియ్యం తెచ్చుకోమను. ఆ బియ్యమే వండితే ఆవిడ తన తిండి తను తిన్నట్టే. మా పిన్ని పదేళ్ళు ఇలాగే నెట్టుకొచ్చింది.

మల్కన్‌గిరి కేశియర్ (డిసెంబర్ 29)

అందరూ పెద్దవాళ్ళు, ఏమీ అనుకోకండి. ఒక మాట అడుగుతాను. ఉంటున్నది ఒడిశాలో. పక్కింటివాళ్ళు చక్కగా మకర చౌల (నానబెట్టిన కొత్త బియ్యం ప్రసాదం) కలుపుకుని, స్నానం చేసి, గుడికెళ్ళి వస్తారు. ఒక పూటలో పండగ అయిపోతుంది. ఇద్దరు ఉద్యోగాలు చేసుకునే పిల్లలు మూడు రోజుల ఆంధ్రా పండగని రెండు గదుల్లో ఎందుకు మొయ్యాలి? కొత్తగా వాళ్ళ పద్ధతి మొదలుపెట్టుకుంటే ఎవరేమంటారు?

జయపురం మాస్టారు (డిసెంబర్ 29)

ఆంధ్రా పండగ అనకండి. 1936 ఏప్రిల్ 1 దాకా జయపురం, రాయగడ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కిందే ఉండేవి. మా తాతగారు ఏ ఇంట్లో భోగి మంట వేశారో నేనూ ఆ ఇంటి ముందే వేస్తున్నాను. మధ్యలో మారింది జిల్లా పేరు, రాష్ట్రం పేరు. బరంపురంలో, కిమిడిలో, గుణుపురంలో ఎన్ని వేల ఇళ్ళలో ఈ మూడు రోజులూ జరుగుతున్నాయో మీకు తెలియనిది కాదు. నేను ముప్ఫై ఏళ్ళు తెలుగు మీడియం బడిలో పాఠం చెప్పాను. చివరికి తరగతిలో పిల్లలు ఎందరు మిగిలారో చెప్పడానికి నాకు మనసొప్పదు. బడి ఎలాగూ పోతోంది. పండగ కూడా బరువని దించుకుంటే ఇంక ఏం మిగులుతుంది?

మల్కన్‌గిరి కేశియర్ (డిసెంబర్ 29)

మాస్టారూ, నేను వదిలెయ్యమనలేదు. మా ఇంట్లో పుష్య పౌర్ణమికి వచ్చే పుష్ పరబ్‌కి పిల్లలు ధాన్యం అడుగుతూ వస్తే పోస్తాం, భోగిపళ్ళూ పోస్తాం. కానీ మా ఆవిడ ఆ మూడు రోజులూ వంటింట్లోంచి బయటికి రాదు. ఏడాదిలో చుట్టాలొచ్చే రోజులు అవే, ఆవిడ వాళ్ళతో కూర్చుని మాట్లాడింది నేను చూడలేదు. నేను అడిగింది దాని గురించి.

నిర్వాహకులు (డిసెంబర్ 29)

సరిహద్దు చరిత్రకి వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ పండగ ఏర్పాట్లు మాట్లాడుకుందాం.

ఇంటావిడ (డిసెంబర్ 30)

కేశియర్ గారూ, మీరన్నది నాకు నచ్చింది. వంట పంపకం ఖాయం చేశాను. దానికి తోడు కనుమ వంట మగవాళ్ళది. ఆ రోజు అమ్మ, అత్తయ్య, నానమ్మ, అక్క, నేను ఎవ్వరం గరిటె పట్టుకోం.

నాగావళి ఒడ్డు (డిసెంబర్ 30)

అలా అయితే కనుమకి స్థలం నేను చెబుతాను. ఇంట్లో వండొద్దన్నారు కాబట్టి బయట వండుకోండి. జనవరిలో ఇక్కడ నది ఒడ్డున ఎక్కడ చూసినా పిక్నిక్ పొయ్యిలే. చెకాగుడ దగ్గర నాగావళి మీద వేలాడే వంతెన ఉంది కదా, ఆ చుట్టుపక్కల చూడండి. పొద్దున్న తొమ్మిదికల్లా వెళ్తే నీడలో చోటు దొరుకుతుంది. డేగిసాలు, గ్యాస్ పొయ్యి అద్దెకిచ్చేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. నీళ్ళు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. పాపని నీళ్ళ దగ్గరికి పోనివ్వకండి, రాళ్ళు జారుతుంటాయి. ప్లేట్లు, ఎముకలు అక్కడే వదిలి రావొద్దు.

మజ్జిగౌరమ్మ గుడికి ఆదివారం, పండగ రోజు వెళ్ళకండి. విజయనగరం, పార్వతీపురం నుంచి వచ్చే జనంతో వరస బయటిదాకా ఉంటుంది. భోగి మర్నాడు తెల్లవారుజామున అనుకుంటారేమో, అదే సంక్రాంతి. కనుమ పొద్దున్న పిక్నిక్‌కి వెళ్ళే ముందు చూసుకుంటే సరి. గుడి ముందు, ముక్క తర్వాత.

బరంపురం సిల్క్ (డిసెంబర్ 30)

బొమ్మల కొలువు గురించి ఎవరూ అనలేదు. పాప ఉంది కదా. మాకు చిన్నప్పుడు కొలువు అంటే ఏటికొప్పాక లక్కబొమ్మలే. ఇప్పుడు నా కొలువులో పైమెట్టు మీద పూరీ నుంచి తెచ్చిన జగన్నాథుడు, బలభద్రుడు, సుభద్ర ఉంటారు. కింద మెట్టు మీద కిమిడి కొమ్ము బొమ్మలు, కొంగలు, రొయ్యలు. ఆ కింద ఏటికొప్పాక బొమ్మలు, ఒక చిన్న బొబ్బిలి వీణ. బొబ్బిలి అమ్మాయి కాబట్టి ఇంటావిడ గారి దగ్గర వీణ బొమ్మ ఉండే ఉంటుంది. నాలుగు అట్టపెట్టెల మీద పాత పట్టుచీర పరిస్తే చాలు, చెక్క మెట్లు అక్కర్లేదు. ఏడాదికో బొమ్మ కొనండి. పిల్లలు పుట్టేటప్పటికి కొలువు తయారుగా ఉంటుంది.

ఇంటావిడ (డిసెంబర్ 30)

వీణ ఉంది. పెళ్ళికి ఎవరో ఇచ్చారు, అట్టపెట్టెలోంచి తియ్యనేలేదు. తీస్తాను.

ఇంకో చిన్న చిక్కు. ఇంటికి గేటు ఒకటే. మార్గశిర లక్ష్మివారాలకి ఓనర్ ఆంటీ బియ్యం రుబ్బి వేసిన ఝోటి గుమ్మం మీద ఇంకా ఉంది. లక్ష్మీదేవి పాదాలు, వరి కంకులు, ఎంత అందంగా ఉందో. దాన్ని తుడిచి నా ముగ్గు వెయ్యడానికి చెయ్యి రావట్లేదు.

గుణుపురం పెద్దకోడలు (డిసెంబర్ 31)

తుడవకు. ఆ లక్ష్మివారాలు మన విశాఖ, విజయనగరం వైపు కూడా చేసేవేగా. గేటు బయట రోడ్డు నీదే. అక్కడ రథం ముగ్గు దాకా ఎంత పెద్దదైనా వేసుకో.

రాయగడ కొత్తకాపురం (జనవరి 11)

అప్‌డేట్. నానమ్మని అడిగాం. పెద్దల బట్టలు ఊళ్ళోనే పెట్టాలట. తాతయ్య బతికున్నప్పుడు పండగ నాడు ఇల్లు వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు, పోయాక ఎలా వస్తాడు అంది. దానికి జవాబు లేదు. కాబట్టి సంక్రాంతి నాడు తెల్లవారుజామునే ఊళ్ళో పెద్దలకు పెట్టుకుని, భోజనం కట్టుకుని, కారులో కూనేరు మీదుగా మధ్యాహ్నానికి వచ్చేస్తారు. పార్వతీపురం నుంచి ఇక్కడికి సుమారు 45 కిలోమీటర్లే కదా. కనుమ నాడు ఎవరూ కదలక్కర్లేదు. అత్తయ్య వాళ్ళు భోగి ముందురోజే దిగుతున్నారు.

దీనివల్ల లాభం కూడా ఉంది. మొదటి రెండు రాత్రులు ఏడుగురమే. పరుపులు (నేనే) తెచ్చాను. రాయాలనిపించింది, రాశాను.

జయపురం మాస్టారు (జనవరి 11)

మంచి పరిష్కారం. పరమాన్నానికి కాలాజీరా బియ్యం దొరికితే వాడండి. చిన్న గింజ, మంచి సువాసన. కొరాపుట్ కాలాజీరాకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాలు ఎక్కువ, బెల్లం తక్కువ వెయ్యండి. పొయ్యి మీద ఉండగా బెల్లం వేస్తే పాలు విరుగుతాయి, దించి కాస్త చల్లారాక వేయాలి.

కిమిడి కుర్రోడు (జనవరి 11)

మా గజపతి జిల్లా ఖజూరి గుడానికి కూడా అదే ఏడాది వచ్చింది మాస్టారూ. ఈత బెల్లం. చలికాలంలోనే తాజాగా దొరుకుతుంది. పరమాన్నంలో ఒకసారి వేసి చూడండి, రంగు నల్లగా వచ్చినా వాసనకి ఇల్లంతా వంటింటి దగ్గరికి వచ్చేస్తుంది.

ఇంటావిడ (జనవరి 18)

అందరూ వెళ్ళారు. ఇల్లు ఇంకా సర్దలేదు, ముందు ఇది రాస్తున్నాను.

అమ్మ పది కిలోల బియ్యం బస్తా మోయించుకొచ్చింది. భోగి పొద్దున్న వండింది ఆ బియ్యమే. రెండో పూట ఏ బియ్యం వండామో ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు.

భోగి మంటకి ఓనర్ అంకుల్ తన పెరట్లో ఎండిన పనస కొమ్మలు తెచ్చి వేశారు. వీధిలో ఇంకో రెండు తెలుగు కుటుంబాలున్నాయని ఆ రోజే తెలిసింది. మంట చూసి వాళ్ళే వచ్చారు. ఒకావిడది బొబ్బిలిలో మా వెనక వీధి! సాయంత్రం పాపకి భోగిపళ్ళు పోశాం. రేగుపళ్ళు, చిల్లర, చెరకు ముక్కలు, బంతి రేకులు. కింద ఇంటి పిల్లలు ముగ్గురూ వచ్చి చిల్లర ఏరుకోవడానికి కూర్చున్నారు. వాళ్ళ తలల మీద కూడా పోసేశాం. పెద్దవాడికి ఎనిమిదేళ్ళు. పెద్దవాళ్ళకి పొయ్యరని అక్క అంది, వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు, పోసింది.

అరిసెలు అమ్మ, ఓనర్ ఆంటీ కలిసి వండారు. అత్తయ్య ఇంకా రాలేదు కదా. భాష ఒకరిది ఒకరికి రాదు. పాకం దగ్గర మాత్రం ఆంటీ చెయ్యి ఎత్తి ఆపమంటే అమ్మ దించేసింది. మెత్తగా వచ్చాయి. పెద్దకోడలు గారూ, మీ చెక్కలు చూసి ఆంటీ ముచ్చటపడి, వాళ్ళ వాయి కూడా వాటితోనే నొక్కారు.

సంక్రాంతి నాడు ఆంటీ మకర చౌల పంపారు. నానబెట్టిన కొత్త బియ్యం, కొబ్బరి, బెల్లం, అరటిపండు, ఛెనా (విరగ్గొట్టిన పాల ముద్ద), అల్లం, మిరియాలు. పచ్చి బియ్యం తినడమేమిటని మా మామయ్య పళ్ళెం పక్కకి జరిపారు. నానమ్మ రెండుసార్లు పెట్టించుకుంది. చిన్నప్పుడు సంతకి వచ్చినప్పుడు తిన్నదట. అంతటితో ఆగలేదు, కిందికి వెళ్ళి ఆంటీ వాళ్ళ అత్తగారితో ఒడియాలో గంటసేపు మాట్లాడింది. ఆవిడకి ఒడియా వచ్చని మా ఆయనకి కూడా ఇప్పటిదాకా తెలియదు.

ఆంటీ వాళ్ళ అమ్మాయి, నేను ఆ రోజే మకర కట్టుకున్నాం. ప్రసాదం ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటే జీవితాంతం స్నేహమట. ఇప్పుడు ఆ పిల్ల నన్ను పేరుతో పిలవదు, నేనూ దాన్ని పేరుతో పిలవకూడదు. ఇద్దరం ఒకరినొకరం "మకర" అనే పిలుచుకుంటున్నాం.

దప్పళం అత్తయ్య బెల్లం వేసే వండింది. అమ్మ తరిగి ఇచ్చి హాల్లోకి వచ్చేసింది. తిన్నాక "గుమ్మడికాయ మంచిది" అంది. దప్పళం గురించి ఒక్క ముక్క లేదు.

కనుమ వంట గురించి మా ఆయన్ని రాయమనండి.

రాయగడ కొత్తకాపురం (జనవరి 18)

మాంసం బాగా కుదిరింది. నాన్న, మామయ్య, తోడల్లుడు, తమ్ముడు, నేను. ఐదుగురికీ ఐదు అభిప్రాయాలు, ఒకటే డేగిసా. మామయ్య అల్లం వెల్లుల్లి దగ్గర పెత్తనం తీసుకున్నారు, నాన్న మంట దగ్గర. మినప గారెలు మాత్రం మా వల్ల కాలేదు. కనుమ నాడు మినుము తినాలి కాబట్టి రుబ్బిన పిండి ఇంటి నుంచే పట్టుకెళ్ళాం, చిల్లు గారె వెయ్యడం ఎవరికీ రాదు. బొండాల్లా వేశాం. ఆడవాళ్ళు దుప్పటి మీద కూర్చుని నవ్వుతూ చూశారు, ఎవరూ లేవలేదు. మాట మీద నిలబడ్డారు.

బాత్రూం గురించి ఎవరూ అడగలేదు కాబట్టి చెబుతాను. తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలైతే తొమ్మిదింటికి ఆఖరి మనిషి. వచ్చే ఏడు పదకొండు మందిని పిలిచేవాళ్ళు ముందు కింద వాటా బాత్రూం సంగతి మాట్లాడుకోండి. రెండో రోజు నుంచి అంకుల్ వాళ్ళే తాళం ఇచ్చారు.

మల్కన్‌గిరి కేశియర్ (జనవరి 18)

డేగిసా, పొయ్యి అద్దె ఎంతయింది? మేం కూడా మా ఆవిడ పుట్టింటివాళ్ళని పిలుద్దామనుకుంటున్నాం. కనుమ వంట మాత్రం నేనే.

రాయగడ కొత్తకాపురం (జనవరి 19)

రేటు మెసేజ్ చేస్తాను. రద్దీ రోజు కాబట్టి మాకు ఎక్కువే పడింది. గిన్నెలు తోమి ఇస్తే అడ్వాన్సులో కొయ్యరు, అది ముందే అడగండి.

బరంపురం సిల్క్ (జనవరి 19)

కొలువు ఫోటో పెట్టలేదేం?

ఇంటావిడ (జనవరి 19)

పాప సుభద్రమ్మని తీసుకుని ఎక్కడో దాచింది. మంచాల కింద, బియ్యం బస్తాలో, అన్ని చోట్లా వెతికాం. దొరకగానే పెడతాను.

ఈలోగా ఇంకో వార్త. జూన్లో రజ పండక్కి అత్తయ్యని, అమ్మని ఓనర్ ఆంటీ స్వయంగా పిలిచారు. ఉయ్యాల కడతారట, పోడ పిఠా వండి పెడతారట. ఇద్దరూ వస్తామన్నారు.

గుణుపురం పెద్దకోడలు (జనవరి 19)

రజ మూడు రోజులూ ఇక్కడ ఆడవాళ్ళు పని ముట్టుకోరమ్మా. పోడ పిఠా కూడా ముందే వండి ఉంచుతారు. నేల దున్నరు, పొయ్యి దగ్గరికి పోరు, కొత్త చీరలు కట్టుకుని ఉయ్యాల ఊగుతారు. మీ అత్తగారికి, మీ అమ్మగారికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

ఇంటావిడ (జనవరి 19)

చెప్పారు. అందుకే వస్తామన్నారు. మా ఆయనకే ఇంకా ఎవరూ చెప్పలేదు. ఆయన ఈ థ్రెడ్ రోజూ చూస్తారు.